చవక వేరు, చవకబారు వేరు

ఇల్లు మారుతుంటే అమ్మ బొమ్మ అద్దం పగిలింది. అమ్మ బొమ్మ అంటే అమ్మ ఫొటో అనుకునేరు. నా చిన్నప్పుడెప్పుడో 'యువ' మాసపత్రిక ముఖచిత్రాన్ని బ్లేడుతో జాగ్రత్తగా కోసి, అమ్మ ఫ్రేమ్ కట్టించుకున్న బొమ్మ. చేతిలో దీపంతో ఒక అమ్మాయి, వెనక నీలం చీకటి, కింద మూలన 'వ.పా.' అని చిన్న సంతకం. నాలుగు అద్దె ఇళ్లు, రెండు ఊళ్లు తిరిగినా ఆ బొమ్మ మాతోనే వచ్చింది.

కొత్త ఫ్లాట్‌కి వచ్చాక మాత్రం దానికి చోటు కరువైంది. ఇంటీరియర్ చేయడానికి వచ్చిన కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆంటీ, ఇది కొంచెం క్యాలెండర్ లుక్‌లో ఉంది, హాల్‌కి సెట్ కాదు" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. బొమ్మని పాత చీరలో చుట్టి మంచం కిందకి తోసింది. ఆ తోయడంలోనే అద్దం పగిలింది.

పగిలిన అద్దం బాగు చేయించడానికి అమీర్‌పేట వెళ్లాను. వెళ్లింది అద్దం కోసమే అయినా, వచ్చేటప్పుడు ఒక ప్రశ్న కూడా వెంట వచ్చింది. అందరికీ నచ్చే బొమ్మకీ, చవకబారు బొమ్మకీ తేడా ఏమిటి? ఆ తేడా చెప్పే అర్హత ఎవరిది?

సోఫా రంగు ఏంటి మేడమ్?

మెట్రో ఎర్ర లైను, నీలం లైను కలిసే స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నడిస్తే తల ఎత్తిన చోటల్లా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఆ బోర్డుల కింద సందుల్లో టైలర్లు, జిరాక్స్ షాపులు, వాటి మధ్యలో ఫ్రేమ్ వర్క్స్ షాపులు. అటు ఎస్.ఆర్. నగర్ నుంచి ఇటు పంజాగుట్ట వరకు ఇలాంటి షాపుల్లో ఎక్కడికి వెళ్లినా గోడల మీద దాదాపు ఒకే బొమ్మలు కనిపిస్తాయి. పరిగెత్తే ఏడు తెల్ల గుర్రాలు. వేణువుతో కృష్ణుడు. వానలో ఎర్ర గొడుగు జంట. ప్రశాంతంగా కళ్లు మూసుకున్న బుద్ధుడు. వాటి పక్కన తప్పకుండా పెద్ద బొట్టు, ఎర్ర చీర, భుజం మీద చిలకతో ఒక తెలంగాణ స్త్రీ.

పెయింటింగ్ కావాలంటే షాపులో అడిగే మొదటి ప్రశ్న "ఎవరి బొమ్మ కావాలి?" అని ఉండదు. "సోఫా రంగు ఏంటి మేడమ్?" అని ఉంటుంది. రెండో ప్రశ్న గోడ ఎన్ని అడుగులు అని. తప్పేం లేదు, కొనేవాళ్లు అడిగేదీ అదే. కొత్తగా ఈఎంఐల మీద ఫ్లాట్ కొన్న కుటుంబానికి ఆర్ట్ గ్యాలరీ గడప తొక్కాలంటే భయం. అక్కడ ధర అడగడానికి నోరు రాదు. ఇక్కడైతే బేరం ఆడొచ్చు. నచ్చకపోతే వారంలో మార్చుకోవచ్చు.

నేను వెళ్లిన షాపాయన మాత్రం పగిలిన ఫ్రేమ్ చేతిలోకి తీసుకుని, అద్దం ముక్కల మధ్య నుంచి సంతకం చూసి ఆగిపోయాడు.

"ఇది వ.పా. బొమ్మ గదా మేడమ్! ఏడికెళ్లి తెచ్చిన్రు?"

చెప్పాను. ఆయన అద్దం ముక్కలు ఒక్కొక్కటే తీస్తూ, తాను ఈ షాపు పెట్టకముందు సినిమా బ్యానర్లు వేసేవాడినన్నాడు. ఫ్లెక్స్ వచ్చాక కుంచె పక్కన పెట్టి ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాడట. ఆయన షాపు గోడకే నకిలీ చిలక బొమ్మలు ఆరు వేలాడుతున్నాయి. వాటి వైపు చూపిస్తే నవ్వేశాడు. "అవి అమ్ముతం మేడమ్. ఇది దాచుకుంటం."

బొట్టు కాపీ కొట్టొచ్చు

ఆ చిలక బొమ్మలకు మూలం ఎవరో చాలామందికి తెలిసిందే. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. అక్కడే ఉండి అందరిలాగా ఆధునిక చిత్రకారుడు కావచ్చు. ఆయన తిరిగి తన ఊరి ఆడవాళ్ల దగ్గరకే వచ్చారు. పసుపు రాసుకున్న నల్లటి మొహాలు, రూపాయి బిళ్లంత బొట్లు, ముదురు అంచుల నేత చీరలు, ఒంటి నిండా నగలు. ఎరుపు, పసుపు, నారింజ లాంటి రంగుల్ని ఏమీ కలపకుండా సూటిగా వేశారు. 'దాసి' సినిమాకు కళా దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నదీ ఆయనే. దొర గడీలో దాసీ బతుకు చూపించిన సినిమా అది. అంటే, ఆయన బొమ్మల్లో స్త్రీల వెనక ఆయన చూసిన ఒక లోకం ఉంది.

ఇప్పుడు ఆ స్త్రీలు హోటల్ రిసెప్షన్‌లో, డెంటల్ క్లినిక్‌లో, పెళ్లి మంటపం గేటు మీద, చీరల పల్లూల మీద, టీ కప్పుల మీద కనిపిస్తున్నారు. వాటిలో ఎక్కువ భాగం ఆయన వేసినవి కావు. ఆయన వేసినవాటికి లక్షల్లో ధర. కాపీకి వెయ్యి, రెండు వేలు.

అసలు బొమ్మనీ, కాపీనీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బొట్టులో దొరకదు. బొట్టు ఎవరైనా పెట్టగలరు. తేడా మెడ తిప్పిన తీరులో, మోచేతి బరువులో, కళ్లలో ఉండే కాస్త పొగరులో ఉంటుంది. అసలు బొమ్మలో ఆమె ఎవరినో చూస్తూ ఉంటుంది, మనసులో ఏదో మాట ఉంటుంది. కాపీలో ఆమె గోడకి అలంకారం. వైకుంఠం ఊరి స్త్రీని చూసి వేశారు. కాపీ వేసినవాడు వైకుంఠం బొమ్మని చూసి వేశాడు. దాన్ని చూసి ఇంకొకడు వేశాడు. జిరాక్స్ కాపీకి జిరాక్స్ తీస్తూ పోతే అక్షరాలు ఎలా చెదిరిపోతాయో అమీర్‌పేటలో నోట్సు కొనుక్కున్న ప్రతి విద్యార్థికీ తెలుసు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అవే మొహాలు, అవే చిలకలు మళ్లీ మళ్లీ వేస్తారన్న విమర్శ వైకుంఠంకి కూడా తప్పలేదు. మార్కెట్ ఒక బొమ్మని ప్రేమిస్తే, పదే పదే అదే అడుగుతుంది. ఆ ఒత్తిడి గొప్ప చిత్రకారుడికీ ఉంటుంది, సందులో కాపీ వేసే కుర్రాడికీ ఉంటుంది.

'క్యాలెండర్' తిట్టు ఎప్పుడైంది?

'క్యాలెండర్ లుక్' అన్న మాట నన్ను ఎందుకు అంత గుచ్చిందో ఆలోచిస్తే, దానికి నూట పాతికేళ్ల చరిత్ర కనిపించింది.

1894లో రాజా రవివర్మ బొంబాయిలో లితోగ్రఫీ ప్రెస్ పెట్టారు. అప్పటిదాకా ఆయన తైలవర్ణ చిత్రాలు రాజుల మహళ్లలో, దివాన్ల బంగళాల్లో ఉండేవి. ప్రెస్ వచ్చాక ఆయన లక్ష్మి, సరస్వతి మామూలు ఇళ్ల గోడలెక్కారు. గుడిలోకి రానివ్వని కులాల వాళ్ల ఇళ్లలోకి కూడా దేవుడు కాగితం మీద నడిచి వచ్చాడు. ఆ ముద్రణ బొమ్మలకి కొందరు ఇళ్లలో జరీ, చమ్కీలు, గుడ్డ చీరలు అతికించి మరింత ముస్తాబు చేసుకునేవారు. ప్రెస్ మాత్రం నష్టాల్లో పడింది. కొన్నేళ్లకే దాన్ని ఒక జర్మన్ సాంకేతిక నిపుణుడికి అమ్మేయాల్సి వచ్చింది.

మేధావులకి ఈ బొమ్మలు నచ్చలేదు. ఆనంద కుమారస్వామి లాంటి పండితుడు రవివర్మ బొమ్మల్ని నాటకాల వేషాల్లా ఉన్నాయని తీసిపారేశారు. బెంగాల్ చిత్రకారులూ అదే దారి పట్టారు. ఆ తర్వాత శివకాశి ప్రెస్సులు, కోవిల్‌పట్టిలో కొండయ్య రాజు, ఆయన శిష్యులు వేసిన దేవుళ్లు కిరాణా కొట్ల క్యాలెండర్లుగా దక్షిణాదంతా పరుచుకున్నారు. 'క్యాలెండర్ బొమ్మ' అంటే నాసిరకం అన్న అర్థం అలా స్థిరపడింది. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటివాటికి 'కిచ్' అన్న జర్మన్ మాట వాడతారు. 1939లో క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ విమర్శకుడు అసలైన కళ ఒక పక్క, కిచ్ ఒక పక్క అని గీత గీసి పెద్ద వ్యాసమే రాశాడు.

మరి ఇప్పుడు? అదే రవివర్మ బొమ్మల్ని 1979లో భారత ప్రభుత్వం దేశం దాటి వెళ్లకూడని కళాసంపదగా ప్రకటించింది. ఆ పాత ప్రెస్ ముద్రణల్ని సేకరించేవాళ్లు ఉన్నారు, వాటితో ప్రదర్శనలు పెడుతున్నారు. ఒక తరం ఈసడించినదాన్ని మరో తరం మ్యూజియంలో పెట్టింది. కాబట్టి, 'ఇది క్యాలెండర్ బొమ్మ' అని తీర్పు చెప్పేముందు కాస్త ఆగడం మంచిది.

పత్రిక ధరకే పెయింటింగ్

మా అమ్మ బొమ్మ దగ్గరకి వస్తే, వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. ఆర్ట్ కాలేజీ మొహం చూడలేదు. డ్రాయింగ్ మాస్టారైన తండ్రే తొలి గురువు. చిన్నతనంలో రవివర్మ కోదండరాముడి బొమ్మ చూసి కుంచె పట్టారని చెబుతారు. అంటే ఏ ముద్రణ బొమ్మల్ని పండితులు ఈసడించారో, అలాంటి బొమ్మే మనకొక వ.పా.ని ఇచ్చింది. ఆయన 1992లో చనిపోయేదాకా చందమామ, యువ పత్రికలకు వందల ముఖచిత్రాలు వేశారు. చందమామకైతే మూడు దశాబ్దాల పాటు ఆయన రంగులే అలంకారం.

ఆయన ఎక్కువగా బొమ్మలు వేసింది గ్యాలరీ గోడల కోసం కాదు, ప్రెస్సు కోసం. వాటి గమ్యం కాలేజీ అమ్మాయి చేతిసంచి, మంగలి షాపు బల్ల, రైల్లో పక్క సీటు. పత్రిక కొంటే కథలతో పాటు ఒక పెయింటింగ్ ఇంటికి వచ్చేది. మా అమ్మలాంటి వాళ్లకి జీవితంలో సొంతమైన ఏకైక పెయింటింగ్ అదే.

వ.పా. అమ్మాయిలు మరీ తీపిగా ఉంటారని కొందరంటారు. కావచ్చు. అంత పొడవు కళ్లు, అంత సన్నటి నడుము మన వీధిలో కనిపించవు. కానీ ఆ తీపిలో బద్ధకం లేదు. దీపం వెలుతురు చేతివేళ్ల మీద ఎక్కడ పడుతుంది, చెంప మీద ఎక్కడ ఆగుతుంది అన్నది ఆయన ఊహించి వదిలేయలేదు, చూసి వేశారు. మా ఇంటి బొమ్మలో చీర కుచ్చిళ్ల దగ్గర నీలం ముదురై నలుపులోకి జారే చోట ముప్పై ఏళ్లుగా నా చూపు ఆగుతూనే ఉంది.

బాపు సంగతీ అంతే. 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ పత్రికల కోసం, పుస్తకాల కోసం, పెళ్లి శుభలేఖల కోసం గీశారు. నాలుగు గీతల్లో వాలుజడ, మరో రెండు గీతల్లో అలక. చివరికి ఆయన పేరే అందానికి కొలమానమైంది. అమ్మాయి ముచ్చటగా ఉంటే 'బాపు బొమ్మలా ఉంది' అంటాం. ఆయన చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా మారి ఇప్పుడు టిఫిన్ సెంటర్ బోర్డు మీదా, గృహప్రవేశం కార్డు మీదా నవ్వుతోంది. కమర్షియల్ ఆర్టిస్టు అన్న మాట తిట్టు అయితే వీళ్లిద్దరూ ఆ తిట్టు తినాల్సినవాళ్లే. అడిగినవాళ్లకి, చెప్పిన తేదీకి, ఇచ్చిన డబ్బుకి పనిచేసినవాళ్లే.

గళ్లు గీసి గీసి గీసిన మొహాలు

షాపాయన పాత వృత్తి గురించి మాట్లాడుకుంటూ ఉండగా అమీర్‌పేట సత్యం థియేటర్ ప్రస్తావన వచ్చింది. ఇప్పుడు ఆ స్థలంలో 2023లో మొదలైన మల్టీప్లెక్స్ ఉంది. సింగిల్ థియేటర్ల రోజుల్లో సినిమా విడుదలంటే ముందుగా కనిపించేది చేత్తో వేసిన బ్యానరే. ఈ పక్కనే ఉన్న సారథి స్టూడియోస్‌లో 1950ల చివరి నుంచి సినిమాలు తీస్తున్నారు. అంటే సెట్టు వెనక తెర మీద కొండలు, జలపాతాలు వేసే పెయింటర్లకూ ఈ పేటతో సంబంధం పాతదే.

బ్యానర్ ఎలా వేసేవారో ఆయన చేతులతో చూపించాడు. చిన్న ఫొటో మీద పెన్సిల్‌తో గళ్లు గీస్తారు. తెల్ల రంగు పూసి ఆరబెట్టిన గుడ్డ మీద అన్నే గళ్లు పెద్దవిగా గీస్తారు. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎత్తుతారు. దగ్గర్నుంచి చూస్తే హీరో బుగ్గ మీద ఆకుపచ్చ, ఊదా రంగుల గుత్తులు. రోడ్డు అవతలికి వెళ్లి చూస్తే అదే కళకళలాడే మొహం. ఎంత దూరం నుంచి చూస్తారో లెక్క కట్టి రంగు వేయడం ఆ పనిలో అసలు విద్య.

ఆ విద్య నుంచే వచ్చినవాడు ఎం.ఎఫ్. హుసేన్. బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్ట పోసుకున్నాడు. తర్వాత హైదరాబాద్‌ని ఇష్టపడి పంజాగుట్ట పక్కనే ఉన్న బంజారాహిల్స్‌లో 'సినిమా ఘర్' కట్టుకున్నాడు. ఆయన 1954లో వేసిన 'గ్రామ్ యాత్ర' 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో కోటీ 38 లక్షల డాలర్లకు, అంటే వంద కోట్ల రూపాయలకు పైగా అమ్ముడుపోయింది. మన తెలుగు సినిమా పోస్టర్లకు మకుటం లేని మహారాజు ఈశ్వర్, పాలకొల్లు మనిషి. బాపు తీసిన 'సాక్షి' లాంటి సినిమాలకు పనిచేసి, ఆ అనుభవాలన్నీ 'సినిమా పోస్టర్' అని పుస్తకంగా రాశారు. తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని 2014లో రూపొందించిన ఏలె లక్ష్మణ్ కూడా పుస్తకాల ముఖచిత్రాలు, పత్రికల బొమ్మల్లో చేయి తిరిగినవారే.

ఫ్లెక్స్ వచ్చి ఈ దారిని మూసేసింది. ఒక బ్యానర్‌కి నలుగురు మనుషులు, కొన్ని రోజులు పట్టే పని మెషీన్ మీద గంటలో అయిపోతోంది. ఇప్పుడు అమీర్‌పేట హోర్డింగ్ మీద మొహం ఎవరూ గీయలేదు. ఫొటో నుంచి కోసి, తెల్లగా చేసి, చుట్టూ మెరుపు పెట్టి దించారు. పుట్టినరోజు ఫ్లెక్సుల్లో లీడర్లందరి బుగ్గలూ ఒకేలా గులాబీ రంగులో ఉంటాయి, గమనించండి. నాకు చవకబారుతనం కనిపించేది అక్కడ. ధర తక్కువైనందుకు కాదు. ఆ మొహాన్ని ఒక్క మనిషి కూడా నిదానంగా చూడలేదన్నది తెలిసిపోతుంది గనక.

అమెరికాలో ఒక అమీర్‌పేట కథ

ఇదంతా మన దగ్గరే అనుకోవద్దు. అమెరికాలో థామస్ కింకేడ్ అనే ఆయన ఉండేవాడు. మంచు పడుతున్న పల్లె, చిన్న ఇల్లు, కిటికీల్లోంచి బంగారు వెలుతురు. ఇవే బొమ్మలు మళ్లీ మళ్లీ. ప్రతి 20 అమెరికన్ ఇళ్లలో ఒకదానిలో తమ బొమ్మ ఉందని ఆయన కంపెనీ చెప్పుకునేది. షాపింగ్ మాల్స్‌లో ఆయన పేరుతో గ్యాలరీలు ఉండేవి. కాన్వాస్ మీద ప్రింటు తీసి, శిక్షణ పొందిన ఉద్యోగులు దాని మీద అక్కడక్కడా రంగు చుక్కలు పెట్టేవారు. చుక్కలు పడితే ధర పెరిగేది. విమర్శకులు దుమ్మెత్తి పోశారు, జనం ఎగబడి కొన్నారు. 2010లో ఆయన కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2012లో 54 ఏళ్లకే ఆయన చనిపోయాడు.

మరో అమెరికన్ బాబ్ రాస్. 1983 నుంచి 1994 దాకా టీవీలో కొండలు, చెట్లు, సరస్సులు వేయడం నేర్పాడు. మొత్తం 403 ఎపిసోడ్లు. అరగంట ప్రోగ్రామ్‌లో ఒక బొమ్మ పూర్తి. మన కోర్సుల భాషలో చెప్పాలంటే క్రాష్ కోర్సు. ఆయన బొమ్మలు కూడా కింకేడ్ బొమ్మల్లా తీయటివే. అయినా ఆయన్ని తలచుకుంటే జనం మొహంలో ప్రేమ కనిపిస్తుంది. ఎందుకంటే ఆయన తన బొమ్మ కొనమనలేదు, మీరూ వేయగలరు అన్నాడు. ఒకాయన జనానికి కిటికీలో దీపం అమ్మాడు. ఇంకొకాయన అగ్గిపెట్టె చేతికిచ్చాడు. కళ అందరికీ అందుబాటులోకి రావడం అంటే నాకు ఈ రెండోది.

ఎల్లమ్మ తల్లి ఫొటోకి ఏ మార్కులు?

అమీర్‌పేట నుంచి కొద్ది దూరమే బల్కంపేట ఎల్లమ్మ గుడి. అమ్మవారి మూలవిరాట్టు నేల మట్టానికి కింద, బావిలో ఉంటుంది. ఆషాఢంలో కల్యాణం నాడు ఆ రోడ్ల మీద నిలబడే చోటుండదు. గుడి బయట అమ్మవారి ఫొటోలు అమ్ముతారు. పసుపు మొహం, వెండి కళ్లు, చుట్టూ రంగురంగుల ఎల్ఈడీ లైట్లు. ఇంటీరియర్ కుర్రాడి లెక్కలో దానికి సున్నా మార్కులే.

కానీ ఆ ఫొటో కొనే ఆమె దాన్ని సోఫాకి మ్యాచింగ్ కోసం కొనడం లేదు. పొద్దున్నే దాని ముందు దీపం పెడుతుంది, పిల్లాడి పరీక్ష గురించి చెప్పుకుంటుంది, కోపం వస్తే దెబ్బలాడుతుంది. ఆ బొమ్మతో ఆమెకి మాటలున్నాయి. వేలు పోసి కొన్న బ్రాండెడ్ క్యాన్వాస్ వైపు ఇంటివాళ్లు నెలకి ఒక్కసారైనా చూస్తారా? ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకి చూపించడానికే అయితే, అది ఖరీదైనదే గానీ ఆ ఇంటి బొమ్మ మాత్రం కాదు.

అందుకే 'నచ్చింది' అన్న మాటని తేలిగ్గా తీసేయకూడదు. అలాగని నచ్చినవన్నీ ఒకటే అనడమూ సరికాదు. దేవుడి ఫొటోల్లోనూ శ్రద్ధగా వేసినవి ఉన్నాయి, ఏఐకి రెండు మాటలు చెప్పి తీయించినవి ఉన్నాయి. ఈమధ్య ప్రింటు షాపుల్లో కనిపించే కొన్ని కృష్ణుళ్ల వేళ్లు లెక్కపెట్టి చూడండి, ఆరు కూడా వస్తాయి. వేణువు మీద వేళ్లు ఎక్కడ ఆనాలో ఆ మెషీన్ ఎప్పుడూ చూడలేదు మరి.

కొనేముందు మూడు ప్రశ్నలు

షాపాయనతో మాట్లాడి, ఈ బొమ్మలన్నీ చూసి వచ్చాక నాకు నేను మూడు ప్రశ్నలు తయారు చేసుకున్నాను. మీకూ పనికొస్తాయేమో చూడండి.

మొదటిది, ఇది ఎవరు వేశారు? వేసినవాళ్ల పేరు తెలుసుకునే హక్కు కొనేవాళ్లకి ఉంది. పేరు చెప్పుకునే హక్కు వేసినవాళ్లకీ ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు బతికున్నంతకాలం, చనిపోయాక 60 ఏళ్ల వరకు ఆ బొమ్మ మీద హక్కు ఆయనది, తర్వాత వారసులది, లేదా ఆయన రాసిచ్చినవాళ్లది. రవివర్మ బొమ్మలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. వ.పా. బొమ్మల మీద హక్కులు 2052 చివరి దాకా, బాపు బొమ్మల మీద 2074 చివరి దాకా ఉంటాయి. వైకుంఠం మన మధ్యే ఉన్నారు. ఆయన బొమ్మ కప్పు మీద అచ్చేసి అమ్ముతున్నవాళ్లు ఆయన్ని అడిగారా అన్నది న్యాయమైన ప్రశ్న.

రెండోది, వేసినవాళ్లు దేన్ని చూసి వేశారు? మనిషినా, చెట్టునా, వెలుతురునా, లేక అమ్ముడుపోయిన ఇంకో బొమ్మనా? ఇది తెలుసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. చేతులు, పాదాలు, కళ్లు చూస్తే చాలు. అక్కడ తొందర పడ్డారంటే మిగతా చోటా పడ్డట్టే.

మూడోది, నెల తర్వాత కూడా దీన్ని చూడాలనిపిస్తుందా? షాపులో పది నిమిషాలు ఎదురుగా నిలబడండి. మూడో నిమిషానికి ఫోన్ తీయాలనిపిస్తే డబ్బు మిగుల్చుకోండి.

తక్కువ డబ్బుకి అసలు బొమ్మలు దొరకవన్నది అపోహ. మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల ప్రదర్శనలకి వెళ్లండి. ఈ రోజు పేరు లేని పిల్లలు వేసినవి ఫ్రేమ్ ఖర్చుతో పోటీపడే ధరకే దొరకొచ్చు. చేర్యాల నకాషీ బొమ్మ చిన్నదైనా ఒకటి కొనుక్కోవచ్చు. నిర్మల్ పెయింటింగ్ మీ ఇంట్లో పాతది ఉంటే అటక మీంచి దించండి. పేరున్న చిత్రకారులు స్వయంగా సంతకం చేసి, నంబరు వేసి, పరిమితంగా ముద్రించే ప్రింట్లు కూడా ఉంటాయి. అసలు బొమ్మ ధరలో అవి చిన్న భాగమే. చూడ్డం మాత్రమే కావాలంటే ఖైరతాబాద్ పక్కన ఎం.ఎస్. మక్తా వీధుల్లోకి వెళ్లండి. 2016లో చిత్రకారులు ఆ బస్తీ ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. గ్యాలరీ లేదు, టికెట్ లేదు, మ్యాచింగ్ సోఫా లేదు.

నాలుగు రోజులకి ఫ్రేమ్ తెచ్చుకోవడానికి మళ్లీ వెళ్లాను. షాపాయన పాత చెక్క ఫ్రేమ్‌నే తుడిచి, పాలిష్ పెట్టి, కొత్త అద్దం వేశాడు. కాగితం అద్దానికి అతుక్కోకుండా మధ్యలో అట్ట పెట్టాడు. వెనక అట్ట తీసినప్పుడు బయటపడిందని ఒక కాగితం ముక్క చేతికిచ్చాడు. అమ్మ చేతిరాత. తేదీ, దాని కింద ఫ్రేమ్ కట్టించడానికి అయిన ఖర్చు. పత్రిక కన్నా ఫ్రేమ్‌కే ఎక్కువైంది.

డబ్బులు ఇస్తుంటే షాపాయన, "అమ్మకి చెప్పున్రి మేడమ్, ఎండ తగలకుండ పెట్టుమని" అన్నాడు.

ఆ సాయంత్రం హాల్లో సోఫాకి ఎదురుగా ఉన్న గోడకి మేకు కొట్టాం. నీలం బొమ్మకీ మా గోధుమ రంగు సోఫాకీ నిజంగానే మ్యాచింగ్ లేదు. అమ్మ కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది. "ఆ అమ్మాయి దీపం ఆరిపోకుండా చెయ్యి ఎలా అడ్డం పెట్టిందో చూశావా?" అంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా, ఆ చెయ్యి గాలికి అడ్డం అన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.